గాల్లో ఉపవాసం

జర ఆగండి. పేజీ తిప్పకండి. మా అమ్మీ గురించి మీరేమైనా విని ఉంటే, శంషాబాద్‌లో మా గల్లీ వైపు వాళ్లయితే ఈపాటికి వినే ఉంటారు, ముందు నేను చెప్పేది పూర్తిగా వినండి. కూతురితో రంజాన్ రోజాలు, అంటే ఉపవాసాలు, మాన్పించి ఉద్యోగం ఇప్పించిందని అంటున్నారు కదా ఆమెను. ఆ మాట మొదట అన్నది వేరెవరో కాదు, అమ్మీయే. తన నోటితో తనే ఇంటింటికీ చెప్పుకుంది. అది నిజం కాదు. ఆగండి, మొదటి నుంచి చెప్తాను, నేనెప్పుడూ ఇంతే, తొందరలో ఎక్కడో మధ్యలో మొదలుపెట్టేస్తాను.

మా ఆపా, అంటే మా అక్క తహ్రీమ్, కెనడాలో విమానం నడపడం నేర్చుకుంది. లైసెన్స్ చేతికి రాగానే ఎయిర్‌లైన్స్ వాళ్లు ఇంటికి కారు పంపిస్తారని మా గల్లీలో అందరి నమ్మకం. అలా ఏమీ ఉండదు. కొత్త పైలట్‌ను పెద్ద విమానం దరిదాపులకు కూడా రానివ్వరు. ముందు గాల్లో బోలెడన్ని గంటలు గడిపి రమ్మంటారు. ఆ గంటలు గడవాలంటే దొరికే పని దాదాపు ఒక్కటే, మన వెనక వచ్చేవాళ్లకి చిన్న విమానాల్లో నేర్పించడం. ఆ పని కూడా అక్కడి పిల్లలకైతే సరే, స్టూడెంట్ వీసా మీద ఉన్న పరాయి దేశం పిల్లలకి మాత్రం పెద్ద చిక్కుముడి. పని చేసుకునే అనుమతి ఉందా అని ఫ్లయింగ్ స్కూలు అడుగుతుంది. పని ఇస్తామన్నవాళ్లు ఉన్నారా అని అనుమతి ఇచ్చే ఆఫీసు అడుగుతుంది. ఆపా ఒక దాని గుమ్మం నుంచి ఇంకోదాని గుమ్మానికి చలికాలమంతా తిరిగింది. కొందరు జవాబే ఇవ్వలేదు, కొందరు నీ వీసా సంగతి తేలాక చూద్దాం అన్నారు.

ఆఖరికి ఒక చిన్న ఊళ్లో, నాలుగైదు బుల్లి విమానాలతో స్కూలు నడుపుకునే లోరెయిన్ అనే పెద్దావిడ ఒప్పుకుంది. నీ ఇన్‌స్ట్రక్టర్ కోర్సులో ఆఖరి నెల ట్రైనింగ్ మా దగ్గర చెయ్యి, నీ తీరు చూస్తాను, నచ్చితే నెలాఖరుకి ఉద్యోగం ఇచ్చి వీసా కాగితాల మీద సంతకం పెడతాను అందట. నచ్చకపోతే ఆపా సామాన్లు కట్టుకుని వచ్చేయడమే, వేసవి మొదలయ్యేసరికి ఆమె వీసా అయిపోతుంది. ఆ నెలే రంజాన్ నెల అయింది.

మీకు ఆ నెలలో మా ఇంటి టైములు చెప్పాలి, చాలా తమాషాగా ఉండేవి. మేము తెల్లవారకముందు లేచి సహర్ తినే వేళకి అక్కడ సాయంత్రం, ఆపాకి ఇఫ్తార్. అమ్మీ వంటింట్లో బియ్యం డబ్బాకి ఫోన్ ఆనించి పెట్టేది. ఇటు అమ్మీ పళ్లెం, అటు ఆపా పళ్లెం, ఆపా వెనక కిటికీలో మంచు. ఆపా దువా చదివి ఖజూర్ పండు నోట్లో పెట్టుకునేదాకా అమ్మీ తన అన్నం ముట్టుకునేది కాదు. ఆమె రోజా విప్పుతుంటే ఈమె రోజా మొదలుపెట్టేది. మళ్లీ మధ్యాహ్నం, తన గొంతు ఎండిపోయి ఉన్న వేళ, అమ్మీ ఫోన్ చేసి ఆపాను అక్కడి సహర్‌కి నిద్ర లేపేది. అమ్మీ మంఖాల్‌లో పుట్టి పెరిగింది, మా ఇంట్లో తెలుగూ, దక్కనీ ఉర్దూ కలిసే నడుస్తాయి, కానీ ఆపాను లేపేటప్పుడు మాత్రం అచ్చంగా తెలుగు. "లెవ్వు బిడ్డా, నీళ్లు మంచిగ తాగు, పైన గాలికి ఊకెనే దూపయితది," అనేది.

ఒకరోజు డాబా మీద బట్టలు తీస్తూ అమ్మీ పైకి చూసింది. కింద గల్లీలో మసక చీకటి పడింది, మేము ఇఫ్తార్ కూడా చేసేశాం, కానీ పైన పోతున్న విమానం రెక్కల మీద ఇంకా ఎండ మెరుస్తోంది. చాలా ఎత్తున పోయే విమానం, నేను ఏ కంపెనీదో చెప్పబోతున్నాను. నాకు విమానాల పిచ్చి, చప్పుడు విని రకం చెప్పగలను, కాలేజీలో అందరూ ఏడిపిస్తారు. అమ్మీ నా మాట వినలేదు. పైనున్నవాళ్లకి ఇంకా పొద్దు గూకలేదు కదా, వాళ్లలో రోజా ఉన్నవాళ్లు ఎప్పుడు తినాలి అని ఆమెకు అనుమానం వచ్చింది. ఆపాను అడిగింది. కిందికి దిగిన తర్వాతే తింటున్నానని ఆపా చెప్పింది. అమ్మీ అంతటితో ఆగలేదు, అబ్బాతో, అంటే మా నాన్నతో, మసీదు ఇమామ్ హజ్రత్‌ను అడిగించింది. గాల్లో ఉన్నవాళ్లు తమ కళ్లకు కనిపించే పొద్దును బట్టే రోజా విప్పాలని ఆయన చెప్పారు, మీ ఇంట్లో ఎవరికి వచ్చింది ఈ ప్రశ్న అని అడిగారు.

అంతే. రెండు మూడు రోజుల్లో గల్లీ మొత్తానికి తెలిసిపోయింది. విమానం నడుపుతూ రోజా ఉండే పిల్ల. శుక్రవారం ఆడవాళ్లు కూడి ప్రవచనం వినే ఇజ్తెమాలో అమ్మీని ముందు వరసలో కూర్చోబెట్టారు. నీడలో కూర్చుని తలనొప్పి అంటారు మీరు, మసర్రత్ బిడ్డను చూడండి అని అమ్మీ పేరు చెప్పి తల్లులు కూతుళ్లను దెప్పారు. తహ్రీమ్‌తో దువా చేయించమని కోరికలు తెచ్చారు. ఎదురింటి రుక్కమ్మక్క, బస్టాండు దగ్గర పూలు అమ్ముతుంది, ఆమె కూడా వచ్చింది. "పైకి పోతది గద అక్కా మీ బిడ్డ, దేవునికి జర దగ్గర. మా కోడలికి నెలలు నిండినయ్, ఒక్క మాట ఏస్కొమ్మను," అంది. ఏ దేవుడో ఎవరూ అడగలేదు. అమ్మీ ఆ కోరికలన్నీ గుర్తు పెట్టుకుని ఆపాకి అప్పజెప్పేది. ఆపా ఫోన్‌లో తల వంచుకుని సరే అమ్మీ, సరే అమ్మీ అనేది. సిగ్గుపడుతోంది అనుకున్నాం. సిగ్గే. ఎందుకో మాత్రం మాకు తెలీదు.

ఇక ఆ రోజు సంగతి. మాకు ఇఫ్తార్ అయ్యే వేళకి అక్కడ స్కూలు తెరుస్తారు. ఆపా ఆఫీసు గది నుంచి ఫోన్ చేసి కిటికీలోంచి విమానాలు చూపిస్తోంది, నేనైతే ఫోన్‌లోకి దూరిపోయి ఆ తెల్లదాన్ని చూపించు, ఆ పక్కది చూపించు అని ప్రాణం తీస్తున్నాను. అప్పుడు వెనక నుంచి లోరెయిన్ మేడం వచ్చింది. నెరిసిన జుట్టు, ఎర్ర స్వెట్టరు, చేతిలో కాఫీ. మా అమ్మ, చెల్లి అని ఆపా పరిచయం చేసింది. మేడం చెయ్యి ఊపింది. కింద పరిచిన దస్తర్ గుడ్డ మీద పళ్లు, పకోడీలు, అబ్బా గగన్‌పహాడ్ నుంచి వర్క్‌షాపు మూసి వస్తూ తెచ్చిన హలీమ్ చూసి, ఏమిటి పండగా అని అడిగింది.

నాకు ఎంత సంబరమో. నా ఇంగ్లిష్ నాకు ముద్దు, ఎదురుగా ఫ్లయింగ్ స్కూలు ఓనరు. రోజా అంటే ఏమిటో, తెల్లవారినప్పటి నుంచి పొద్దు గూకేదాకా నీళ్లు కూడా ముట్టరని గడగడా చెప్పేశాను. అమ్మీ నా మోచేయి పట్టుకుని లాగింది.

"మా తహ్రీమ్ సంగతి చెప్పు. ఇమానం నడిపిన దినం గూడ ఒక్క రోజా ఇడ్వలేదని చెప్పు."

చెప్పాను. అమ్మీ చెప్పినదానికంటే రెండు మాటలు ఎక్కువే చెప్పాను. ఎగిరే రోజు కూడానా అని మేడం మళ్లీ అడిగింది. చుక్క నీరు కూడా తాగదు అన్నాను. మేడం నవ్వు అలాగే ఉంది, కానీ అందులో ఇక మనిషి లేదు. మిమ్మల్ని కలవడం సంతోషం అని చెప్పి కాఫీ పట్టుకుని వెళ్లిపోయింది. ఆపా మొహం చూశాను. నెట్ ఆగిపోయిందేమో అనుకున్నాను, అంత కదలకుండా ఉంది.

నాకు తెలియాల్సింది, అదే నా బాధ. పైలట్ విమానం ఎక్కే ముందు తన్ను తాను అడుక్కునే ప్రశ్నలు నాకు కంఠతా వచ్చు. ఒంట్లో బాగుందా, మందులు వేసుకున్నావా, నిద్ర పోయావా, తిన్నావా. కాలేజీ ఫంక్షన్‌లో దాని మీద మాట్లాడి చప్పట్లు కొట్టించుకున్నాను. ఆపా రోజా గురించి చెప్పేటప్పుడు ఆ ఆఖరి ప్రశ్న నా బుర్రలోకి రానేలేదు. రోజా వేరు, తినకపోవడం వేరు అన్నట్టు.

మర్నాడు ఆపా నా ఒక్కదానికే ఫోన్ చేసింది. డాబా మీదకి పొమ్మంది. ఖాళీ కడుపుతో ఉన్నవాళ్లెవరినీ విమానం ఎక్కనివ్వకూడదన్నది మేడం స్కూల్లో మొదటి నియమం అట. ఆపాను ఎగిరే పని నుంచి పక్కన పెట్టింది, కింద క్లాసులు చెప్పుకొమ్మంది. అయ్యో అలాగైతే రోజా మానెయ్ ఆపా, ప్రయాణంలో ఉన్నవాళ్లు తప్పిన రోజాలు తర్వాత ఉండొచ్చు, కజా ఉంది కదా అని నేను మొదలుపెట్టాను. ఆపా నన్ను మధ్యలో ఆపింది.

"ఎగిరే దినం నేనెన్నడు రోజా లేనే. మొదటి దినం నుంచి లేను. అందరితోని కూసోని తింటున్న."

నాకు అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. ఈద్ అయ్యాక అన్నీ కజా ఉందామనే అనుకుందట. మొదటి రోజే అమ్మీకి చెప్పేద్దామని ఫోన్ చేసిందట కూడా. అప్పటికే అమ్మీ పళ్లెం ముందు పెట్టుకుని, ఈమె తింటే తిందామని ఎదురుచూస్తోంది. ఆ మొహం చూసి ఆపా పక్కనున్న ఖజూర్ తీసి నోట్లో పెట్టుకుంది. రెండో రోజు చెప్పడం ఇంకా కష్టమైంది. పొద్దు సంగతి వచ్చేసరికి ఇక దారి లేకపోయింది.

మేడంకి చెప్పావా మరి అని అడిగాను. చెప్పిందట, అదే రోజు. మీ అమ్మ ఒకటి చెప్తోంది, నువ్వు ఒకటి చెప్తున్నావు, రేపు నీ పక్కన ఒక పిల్లాడిని కూర్చోబెట్టాల్సినదాన్ని, నేను ఎవరిని నమ్మాలి అందట మేడం. ఆలోచించుకోవాలి అందట.

"అమ్మీకి మాత్రం చెప్పకు తస్నీమ్. నేనే చెప్త. జర మంచి టైం చూసి," అంది ఆపా. సరే అన్నాను. డాబా మీదుగా ఒక విమానం దిగుతూ పోయింది, అదేదో నేను చూడలేదు.

అమ్మీ ఎంతసేపు ఊరుకుంటుంది. ఇయ్యాల ఎగిరినవా, ఎక్కడిదాక పోయినవ్ అని రోజూ అడిగేది. లేదు అమ్మీ, మబ్బు పట్టింది అని ఆపా, మంచు పడింది అని ఆపా. చివరికి అమ్మీ నన్ను పట్టుకుంది. నేను సగం చెప్పాను. ఖాళీ కడుపుతో విమానం ఎక్కనివ్వరట, అందుకే ఆపాను ఆపారట, ఉద్యోగం అనుమానమేనట. అంతవరకే. మిగతా సగం ఆపాకే వదిలేశాను. అమ్మీ ఆ పూట ఇఫ్తార్‌కి ఖజూర్ ఒకటి, నీళ్లు, అంతే. నేనే చెప్పిన కదా ఆమెకు, నా నోటితోనే చెప్పిన, అని వంటింట్లో గోడకి చెప్పుకుంటూ గిన్నెలు కడిగింది.

రెండో రోజు సాయంత్రం మంచి దుపట్టా కప్పుకుని వచ్చి నా ముందు కూర్చుంది. "మేడంకు ఫోన్ కలుపు."

వద్దన్నాను, ఆపా చూసుకుంటుందన్నాను. ఆపాకి చెప్తే ఆపా కూడా వద్దంది. అమ్మీ ఒక్కసారి పట్టుపడితే అబ్బా కూడా అడ్డు చెప్పడు. ఆయన గుమ్మంలో నిలబడి ఉన్నాడు, చేతికి ఇనుప పొడి ఇంకా అలాగే ఉంది. ఫోన్‌లో మేడం, ఆమె పక్కన కుర్చీలో ఆపా, తల ఎత్తడం లేదు.

అమ్మీ ఫోన్‌కి దగ్గరగా జరిగింది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడే మనిషి, అప్పుడు మాత్రం దవాఖానలో మాట్లాడినట్టు మాట్లాడింది.

"మా బిడ్డ తప్పు లేదు మేడం. రోజా ఉండుమన్నది నేను. రేపటి సంది ఉండది. నేనే వద్దంటున్న. ఆ గునా, ఆ పాపం, నా మీదికి. దాన్ని ఎగురనియ్యుండ్రి."

నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. ఒక్కో మాట చెప్తుంటే ఆపా భుజాలు ఇంకా ముందుకి వంగిపోయాయి. మేడం మొత్తం విని, కాఫీ కప్పు పక్కన పెట్టి, చాలా నెమ్మదిగా, నాకు అర్థం కావాలని ఒక్కో మాట విడదీసి జవాబు చెప్పింది. ఆమె అన్నది ఇది, నాకు అక్షరం పొల్లు పోకుండా గుర్తుంది:

"మీరు అంత బాధపడాల్సిన పని లేదమ్మా. మొదటి రోజు నుంచీ మీ అమ్మాయి మధ్యాహ్నం మా వాళ్లతోనే కూర్చుని తింటోంది. ఆ రోజు మీ మాట విని నేనే కంగారుపడ్డాను. మిగతావాళ్లను అడిగాను, అందరూ అదే చెప్పారు. తహ్రీమ్ నాతో ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ఉద్యోగం తనదే. ఇంత నిజాయితీగల పిల్లను పెంచినందుకు మీకు థ్యాంక్స్ చెప్పాలి."

అయిపోయింది. మేడం నవ్వుతూ నా వైపు చూస్తోంది, ఇక చెప్పమ్మా అన్నట్టు. ఆపా తల ఎత్తింది, ఆమెకు రెండు భాషలూ వచ్చు కదా. అమ్మీ నా మోకాలి మీద చెయ్యి వేసింది.

"ఏమంటుంది?"

"ఉద్యోగం ఇచ్చింది అమ్మీ," అన్నాను. "ఆపా నిజాయితీగల పిల్ల అంటుంది."

"అంతసేపు మాట్లాడింది, గింతేనా?"

"గంతే."

అమ్మీ రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుంది. సంతోషం అనుకున్నాను నేను. అబ్బా చేతులు కడుక్కోవడానికి వెనక్కి వెళ్లాడు. మేడం బై చెప్పింది. ఫోన్ ఆపేశాక అమ్మీ లేచి, దుపట్టా మడత పెట్టుకుంటూ అంది, "రోజాలు అమ్ముకొని నౌకరీ తెచ్చిన."

అప్పుడైనా చెప్పాల్సింది. తెలుసు నాకు. ఆపా చెప్తానంది కదా అని ఊరుకున్నాను, తన పని తాను చేసుకోనివ్వడం మర్యాద అనుకున్నాను. ఏదో ఒకటి అనుకున్నాను.

ఆ తర్వాత అమ్మీ మారిన తీరు మీకు చెప్తే నమ్మరు. ఇజ్తెమాలో ముందు వరస వదిలి గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చుంది. కోరికలు తెచ్చినవాళ్లను వాకిట్లోంచే తిప్పి పంపింది. ఉద్యోగం వచ్చిందట కదా, ముబారక్ అన్నవాళ్లందరికీ అడగకుండానే చెప్పింది, నా బిడ్డ ఉంటానన్నది, నేనే మాన్పించిన అని. ఇక గల్లీ ఊరుకుంటుందా. నిన్నటిదాకా ఆమె బిడ్డను చూపించి కూతుళ్లను దెప్పినవాళ్లే ఇవాళ ఆమెను చూపించి మూతులు తిప్పుకున్నారు. ఈద్ రోజు షీర్ ఖుర్మా వండి అందరికీ పంపింది, తను మాత్రం మంఖాల్‌లో పుట్టింటికి కూడా వెళ్లలేదు, తల నొస్తుందంది. రుక్కమ్మక్క మనవరాలిని ఎత్తుకుని వచ్చింది, మీ బిడ్డ దువా ఫలించిందని. అమ్మీ ఆ పసిపిల్లను ముట్టుకోలేదు. వంట చేసిన చేతులు అంది. రుక్కమ్మక్క నా వైపు చూసింది, నేను ఫోన్ చూసుకుంటున్నట్టు నటించాను.

ఈద్ తర్వాత అమ్మీ మళ్లీ రోజాలు మొదలుపెట్టింది. ఎండలు ముదిరాయి, పగలు డాబా మీద కాలు పెట్టలేం, అయినా ఆపలేదు. కూతురి బదులు తల్లి ఉంటే చెల్లదు అని హజ్రత్ చెప్పి పంపించారు. అది తనకూ తెలుసునంది. దాని బదులు ఉండడం లేదు, దానితో మాన్పించినందుకు ఉంటున్నాను అంది. ఒక మధ్యాహ్నం నీళ్ల డ్రమ్ము పక్కన కళ్లు తిరిగి కూలబడింది. అబ్బా ఆటోలో దవాఖానకి తీసుకుపోయాడు. ఈ ఎండల్లో ఈ వయసులో ఇదేం పట్టుదల అని డాక్టరమ్మ కేకలేసింది. సెలైన్ ఎక్కుతుంటే అమ్మీ నా చెయ్యి పట్టుకుని, ఆపాకి మాత్రం చెప్పొద్దు, పైన ఎగిరేది, పరేషాన్ అవుతుంది అంది. మా ముగ్గురిలో తప్పు చెయ్యని మనిషి ఒక్కతే, సిగ్గుపడుతున్నదీ ఆమె ఒక్కతే.

నేను ఆపాకి చెప్పాను. అమ్మీ వద్దన్నా చెప్పాను. ఇవాళే నిజం చెప్పెయ్, లేకపోతే నేను చెప్తాను అన్నాను. సరేనంది. అమ్మీకి ఫోన్ చేసింది కూడా, నేను పక్కనే ఉన్నాను. అమ్మీ ఫోన్ ఎత్తగానే ముందుగా అడిగింది, కడుపునిండా తిన్నవా బిడ్డా, తిననిది ఎక్కకు, నేను చెప్తున్న కదా అని. ఆపా తిన్నానమ్మీ అంది. సిగ్నల్ లేదని చెప్పి పెట్టేసింది. తర్వాత నాకు చేసి ఏడ్చింది.

"ఇప్పుడు చెప్తే ఆమెకు రోజాల దుఃఖం పోతది, నా దుఃఖం తగులుతది. ఆమె ఎదురుంగ కూసోని రోజు ఖజూర్ నోట్లె పెట్టుకున్న తస్నీమ్. తిన్న కడుపుతోని. అది ఎట్ల చెప్తం? నువ్వే చెప్పు, నేను కోప్పడను."

నాకు కోపం వచ్చింది. ఆమె మీద కాదు, ఆమె అన్నది నిజం అయినందుకు. పైగా నేను మాత్రం ఏం చెప్పను? ఆపా అబద్ధం చెప్పింది అమ్మీ, నేను కూడా దాన్ని అనువాదంలో దాచేశాను అనా? ఆపా ఖజూర్ ఎంత నిజమో నా 'గంతే' కూడా అంతే నిజం.

ఇవాళ గురువారం. సాయంత్రం నేను కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మీ చాప మీద కూర్చుని బట్టలు మడత పెడుతోంది. మొహంలో చాలా రోజుల తర్వాత ఏదో తేలిక కనిపించింది, నాకు ఆశ పుట్టింది, ఆపా చెప్పేసిందేమో అని. కాదు. ఒక నిర్ణయానికి వచ్చిందట. తన పక్కన కూర్చోమంది.

"రేపు ఇజ్తెమాల అందరి ముంగట మాఫీ అడుగుత. నా బిడ్డ గొప్పదని ఎగిరెగిరి పడ్డ. నా మాటలు ఇని ఎందరో తల్లులు వాళ్ల బిడ్డలను తక్కువ చేసి మాట్లాడిండ్రు. తర్వాత నేనే నా బిడ్డతోని రోజాలు ఇడిపించిన. రెండు గునాలు. చెప్పుకుంటె జర బరువు దిగుతది."

చొక్కా ఒకటి తీసుకుని మడత పెట్టాను, అది ఆమె అప్పటికే మడత పెట్టి ఉంచింది.

"నువ్వు నా పక్కన కూసో," అంది అమ్మీ. "నాకు మందిల మాట్లాడ రాదు. మాట తడవడితే నా దిక్కు చూస్త. నువ్వు అందుకో."

సరేనన్నాను. ఏం చెయ్యను, అలవాటైపోయింది సరేననడం. తర్వాత డాబా ఎక్కి ఇదంతా టైపు చేస్తున్నాను, తప్పులుంటే క్షమించండి, దిద్దుకునే ఓపిక లేదు. ఇప్పుడే ఆపాకి ఫోన్ చేశాను, ఎత్తలేదు, అక్కడ పొద్దున్న, గాల్లో ఉండి ఉంటుంది. నిజం చెప్తే అమ్మీ రేపు ఎవరి ముందూ తల వంచక్కర్లేదు. కానీ ఆ తర్వాత ఆమె ఏ కూతురి మొహం చూసి అన్నం ముట్టుకుంటుంది, అటు ఆపాది కాదు, ఇటు నాదీ కాదు. చెప్పకపోతే ఆమె మా ఇద్దరి సిగ్గునూ తన నోటితో, తన పేరు మీద, గల్లీ మొత్తం ముందు ఒప్పుకుంటుంది. ఒప్పుకుని తేలికపడతాననుకుంటోంది కూడా.

మీరు వచ్చి నా చోట్లో కూర్చోండి. ఆడవాళ్లంతా వింటున్నారు, అమ్మీ గొంతు ఆగిపోయింది, దుపట్టా అంచు వేలికి చుట్టుకుని మీ వైపు తిరిగింది. మీరైతే ఏ మాట అందుకుంటారు?